పద్దుకెక్కని లోటు

బడ్జెట్ రోజున అందరి కళ్లూ ద్రవ్యలోటు అంకె మీదే ఉంటాయి. అది తగ్గితే పొదుపు, పెరిగితే దుబారా. 2007-08లో కేంద్రం లోటు జీడీపీలో సుమారు 2.5 శాతానికి దిగినప్పుడూ అలాగే మెచ్చుకున్నాం. అదే కాలంలో రోడ్లు, విద్యుత్ కేంద్రాలు, ఉక్కు కర్మాగారాలకు ప్రభుత్వ రంగ బ్యాంకులు అప్పులు కుమ్మరించాయి. ఆ ఊపుకి వ్యాపారాలు పుంజుకున్నాయి, పన్నులు పెరిగాయి, లోటు తగ్గింది. ఆ పొదుపులో కొంత బ్యాంకు అప్పు పుణ్యమే.

2008 సంక్షోభం రాగానే కేంద్రం పన్నులు తగ్గించి ఖర్చు పెంచింది. లోటు 6 శాతానికి చేరింది, బ్యాంకులూ చెయ్యి బిగించలేదు. గోదావరి జిల్లాల్లో కేజీ బేసిన్ గ్యాస్‌ను నమ్ముకుని కట్టిన విద్యుత్ కేంద్రాల సంగతే చూడండి. 2010 తర్వాత గ్యాస్ ఉత్పత్తి పడిపోయింది. టర్బైన్లు ఆగాయి గానీ వడ్డీ ఆగలేదు. ఇలాంటి బాకీలకు దేశమంతటా గడువులు పెంచుకుంటూ పోయారు. 2015లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుల పద్దులు తిరగేసేసరికి గుట్టు బయటపడింది. 2018 మార్చి నాటికి ప్రభుత్వ రంగ బ్యాంకులిచ్చిన అప్పుల్లో 14.6 శాతం మొండి బాకీలే. అప్పటికే, 2017 అక్టోబరులో, ఆ బ్యాంకులను నిలబెట్టడానికి కేంద్రం 2.11 లక్షల కోట్ల మూలధనం ప్రకటించింది. అందులో 1.35 లక్షల కోట్లు బాండ్ల రూపంలోనే. ఆ బాండ్ల సొమ్ము ద్రవ్యలోటులో కలవలేదు, వడ్డీ మాత్రం ఏటా ఖజానాయే కడుతోంది.

తప్పు ఎగవేతదారులది, బడ్జెట్‌నెందుకు ఆడిపోసుకోవడం అనవచ్చు. ఎగవేతలు నిజమే. కానీ గ్యాస్ రాకపోవడం, భూసేకరణ జాప్యం, బొగ్గు కేటాయింపుల రద్దు ఎగవేతలు కావు. బ్యాంకులివ్వకపోతే రోడ్లెలా వస్తాయన్నదీ న్యాయమైన ప్రశ్నే. ఇవ్వొద్దని కాదు, యజమాని ప్రభుత్వమే అయినప్పుడు నష్టం చివరికి ఎవరి నెత్తిన పడుతుందో ముందే లెక్కలో చూపాలని. మొండి బాకీలు 3 శాతం లోపుకి దిగిన ఈ మంచి రోజుల్లోనే ఆ పని సులువు.

పద్దుకెక్కని అప్పులు రాష్ట్రాలకూ ఉన్నాయి. కాళేశ్వరం ప్రాజెక్టు కోసం తెలంగాణ ఒక కార్పొరేషన్ పేరిట అప్పులు తెచ్చింది, తీర్చేది రాష్ట్ర ఖజానా. ఇలాంటివాటిని 2022 నుంచి కేంద్రం రాష్ట్రాల రుణ పరిమితిలో కలిపి లెక్కిస్తోంది. మంచి నియమమే. అదే కొలతతో కేంద్రం తన పద్దునూ కొలుచుకోవాలి.