నాగావళి ఒడ్డున ఎంత ఎత్తు? సుడాకు ఒక బహిరంగ లేఖ

శ్రీకాకుళం పట్టణాభివృద్ధి సంస్థ (సుడా) ఛైర్మన్ గారికి, వైస్ ఛైర్మన్ గారికి,



ఆమదాలవలస నుంచి రాస్తున్నాను. నాగావళి ఒడ్డున కట్టే భవనాల ఎత్తుకు ఒక హద్దు పెట్టండి, అది ఇప్పుడే పెట్టండి అని అడగడానికే ఈ లేఖ. ఒడ్డున ఆకాశాన్నంటే మేడలేవీ ఇంకా లేవు కదా, ఇప్పుడెందుకీ తొందర అని మీ కార్యాలయంలో ఎవరైనా అనవచ్చు. లేవు కాబట్టే అడుగుతున్నాను. మేడ లేచాక ఎత్తు గురించి మాట్లాడితే అది కోర్టు కేసు అవుతుంది. అప్పుడు నష్టపోయేది బిల్డరు కాదు, అప్పు చేసి ఫ్లాటు కొనుక్కున్న కుటుంబం.

నాగావళి స్వభావం మీకు తెలియనిది కాదు. ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా దిగి, తోటపల్లి బ్యారేజీ, నారాయణపురం ఆనకట్ట దాటి, దూసి దగ్గర మా రైలు వంతెన కిందుగా సాగి, శ్రీకాకుళం ఊరిని ఒరుసుకుంటూ కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ కొండల్లో కుండపోత కురిస్తే చాలు, ఇక్కడ చినుకు పడకపోయినా, పైన ఎండ కాస్తున్నా, ఏరు గట్టు దాకా వచ్చి నిలబడుతుంది. 2017 జులైలో రాయగడ జిల్లాలో తెరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెనే కొట్టుకుపోయింది. ఆ కొండగెడ్డల నీరంతా చేరేది నాగావళిలోకే, వచ్చేది మన మీదికే.

కానీ స్థలాలు అమ్మేది వానాకాలంలో కాదు. ఎండాకాలంలో ఏరు ఒక పక్కకు సన్నగా ఒదిగి పారుతుంటుంది. మిగతాదంతా ఇసుక మేట. దాని మీద దోసపాదులు, పుచ్చపాదులు, ఇసుక కోసం వచ్చిన ట్రాక్టర్ల చక్రాల జాడలు. గట్టుకు ఇవతల చదును చేసిన పొలంలో సున్నం కొట్టిన రాళ్లు వరసగా పాతి ఉంటాయి. కొనడానికి వచ్చినవాళ్లకు అక్కడి నుంచి చూపించేది ఆ సన్నపాటి పాయనే. శ్రావణంలో అదే చోటికి తీసుకువెళ్లి చూపిస్తే బేరం వేరేలా ఉంటుంది.

చట్టం లేదా అంటే ఉంది. 2017 నాటి రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పట్టణ పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్లు, పట్టణాల బయట 100 మీటర్లు వదలాలి. ఆ హద్దు ఎక్కడుందో జలవనరుల శాఖ, రెవెన్యూ శాఖ తేల్చి ధ్రువీకరించాలి. దానికంటే ఎంతో ముందే, 1884లోనే, మద్రాసు ప్రభుత్వం నదీ పరిరక్షణ చట్టం చేసింది. ఉండవల్లిలో కృష్ణా కరకట్ట మీది కట్టడాలకు నోటీసులిచ్చిన రోజుల్లో అందరూ మళ్లీ తలచుకున్నది ఆ పాత చట్టాన్నే. అసలు ప్రశ్న ఒక్కటే: ఆ 50 మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలి? వేసవి పాయ నుంచా, గట్టు నుంచా, వరద వచ్చినప్పుడు నీరు నిలిచిన చోటు నుంచా? హద్దురాయి నేల మీద కనిపించనంత కాలం ప్లాను గీసేవాడు తనకు అనువైన చోటి నుంచే కొలుస్తాడు. మన జిల్లాలో కరకట్టల పనులు ఏళ్ల తరబడి సాగుతూ ఆగుతూ ఉన్నాయి. కరకట్ట పూర్తికాని చోట ఈ హద్దురాళ్లే రక్షణ.

ఎత్తు సంగతికి వస్తాను. మన నిబంధనల్లో ఒక భవనం ఎంత ఎత్తు లేవవచ్చో ప్రధానంగా దాని ముందున్న రోడ్డు వెడల్పే తేలుస్తుంది. అగ్నిమాపక వాహనం తిరగాలి, జనం బయటపడాలి కాబట్టి ఆ లెక్కలో అర్థముంది. కానీ రోడ్డు వెడల్పుకు నది సంగతి తెలియదు. గాలి ఏ వైపు నుంచి వస్తుందో, వరద ఎటు పొంగుతుందో, వెనక వీధిలోని పెంకుటింటికి వెలుతురు ఎటు నుంచి పడుతుందో ఆ లెక్కలో లేవు. శ్రీకాకుళం–ఆమదాలవలస రోడ్డు వెడల్పు కావాలని మేమందరం కోరుకుంటున్నాం. రోడ్డు వెడల్పయిన రోజునే దానికి రెండు వైపులా ఉన్న స్థలాలకు ఇంకొన్ని అంతస్తుల హక్కు దానంతటదే వచ్చి చేరుతుంది. దానికి బదలాయించుకోగల అభివృద్ధి హక్కుల (టీడీఆర్) బాండ్ల అదనపు అంతస్తులు తోడవుతాయి. ఏరు దగ్గరి స్థలానికీ, రైల్వే స్టేషన్ దగ్గరి స్థలానికీ ఈ లెక్కలో తేడా లేదు. ఆ తేడా తేవలసినది మీ మాస్టర్ ప్లానే.

ఇది కోటీశ్వరుల ఊళ్ల గొడవ అనుకోకండి. మన జిల్లాలో ఎత్తుకు ఎంత విలువ ఉందో అరసవల్లి సూర్యదేవాలయం చెబుతుంది. ఏటా మార్చి 9, 10 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2 తేదీల్లోనూ ఉదయపు తొలి కిరణాలు గోపురం, అనివెట్టి మండపం దాటి గర్భగుడిలోకి వెళ్లి సూర్యనారాయణమూర్తి పాదాలను తాకుతాయి. తెల్లవారుజాము నుంచే జనం బారులు తీరి నిలబడతారు. మబ్బు పట్టిన ఏడాది నిరాశగా తిరిగి వెళతారు. ఆ దృశ్యమంతా కొద్ది నిమిషాలదే.

ఒక చిన్న లెక్క చూడండి. ఆలయానికి తూర్పున, ఆ కిరణాలు వచ్చే దారిలో, 150 మీటర్ల దూరంలో 15 మీటర్ల ఎత్తున్న ఒక భవనం లేచిందనుకుందాం. నేల సమంగా ఉందనుకుంటే, ఆ భవనం ఆలయం నుంచి చూసేవారికి ఆకాశంలో దాదాపు 5.7 డిగ్రీలు కప్పేస్తుంది. మన అక్షాంశంలో సూర్యుడు అంత ఎత్తు ఎక్కడానికి 24 నిమిషాలు పడుతుంది. అప్పటికి కిరణం నేలబారుగా ఉండదు, గర్భగుడి లోపలి దాకా పోదు. మబ్బయితే మరుసటి రోజుకో, మరుసటి ఏటికో తొలగిపోతుంది. నాలుగైదు అంతస్తుల అపార్టుమెంటు తొలగిపోదు. అది కట్టినవాడు నిబంధన ఒక్కటీ తప్పకపోవచ్చు కూడా. శ్రీముఖలింగం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి దాని చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, ఆపైన 200 మీటర్లు అనుమతితోనే. అరసవల్లికి కావలసింది చుట్టూ వలయం కూడా కాదు, తూర్పు దిక్కున ఒక దారి. కొలిచి, గీసి, మాస్టర్ ప్లానులో ఎక్కించి, ఆ దారిలో ఎవరెంత ఎత్తు కట్టవచ్చో అంకెలతో రాయండి. రథసప్తమిని రాష్ట్ర పండుగ చేసుకున్నాం. పండుగ ఏ సూర్యుడి పేరున చేసుకుంటున్నామో ఆయన కిరణానికి దారి ఉంచాలి.

విశాఖపట్నం నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు మొదట వచ్చింది 1991 ఫిబ్రవరి 19న. నగరాల్లో అప్పటికే ఉన్న రోడ్డుకు సముద్రం వైపు కట్టకూడదు, ఇవతలి వైపు కట్టుకోవచ్చు అన్నది వాటి సారం. బీచ్ రోడ్డు పొడవునా ఆ ఇవతలి వైపు ఏమయిందో చూడండి. ముందు వరసలో ఉన్నవాళ్లకు సముద్రం దక్కింది, వెనక వరసలకు వాళ్ల గోడలు దక్కాయి. 2019 జనవరిలో నిబంధనలను మార్చి, 1991 నాటి పరిమితిలో బిగించిన నిర్మాణ విస్తీర్ణాన్ని సడలించారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు సముద్రానికి ఎదురుగా అద్దాలు బిగించిన మేడలు ఎలా అయ్యాయో మన కూలీలకు తెలుసు, వెళ్లి శుభ్రం చేసింది వాళ్లే. రుషికొండ తవ్వకం హైకోర్టుకూ సుప్రీంకోర్టుకూ వెళ్లింది, కానీ అప్పటికే కొండ రూపం మారిపోయింది. ఇప్పుడు భోగాపురం విమానాశ్రయంతో భీమిలి నుంచి విజయనగరం జిల్లా తీరం దాకా భూముల ధరలు లేచాయి. ఆ వేడి చిలకపాలెం దాటి శ్రీకాకుళం చేరడానికి ఎక్కువ కాలం పట్టదు.

కేరళలో కొచ్చి పక్కన మరడులో బ్యాక్‌వాటర్ ఒడ్డున నాలుగు అపార్టుమెంట్ సముదాయాలు లేచాయి. అనుమతులిచ్చింది స్థానిక పంచాయతీయే. తీరప్రాంత నిబంధనలు ఉల్లంఘించారని 2019 మే నెలలో సుప్రీంకోర్టు కూల్చివేతకు ఆదేశించింది, 2020 జనవరి 11, 12 తేదీల్లో పేలుడు పదార్థాలతో వాటిని నేలమట్టం చేశారు. ఫ్లాటు యజమానులు ఒక్కొక్కరికి 25 లక్షల రూపాయల మధ్యంతర పరిహారం ఇప్పించవలసి వచ్చింది. అనుమతి కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన ఇల్లు నిలవదని ఆ రెండు రోజుల్లో దేశమంతా టీవీల్లో చూసింది.

ఇక అన్నిటికంటే మన గుండెకు దగ్గరైనది. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌళివాక్కంలో, పోరూరు చెరువుకు దగ్గరలో, కడుతున్న 11 అంతస్తుల భవనం కూలిపోయింది. 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలస వెళ్లిన కూలీలు. సెంట్రింగు కొట్టినవాళ్లు, ఇనుము కట్టినవాళ్లు, తట్టలు మోసినవాళ్లు, భార్యాభర్తలు కలిసి పనికి వెళ్లినవాళ్లు. పక్కనే ఉన్న రెండో భవనాన్ని కూడా నిలబెట్టడం ప్రమాదమని 2016 నవంబరులో కూల్చివేశారు. పట్టు లేని నేల మీద అన్ని అంతస్తులు ఎక్కించడం ఎంత ప్రమాదమో మన ఊళ్లకు ఇంకెవరూ వచ్చి చెప్పనక్కర్లేదు. శవాలను దింపుకున్న ఊళ్లు ఇవి. నాగావళి గట్టు వెంబడి నేల ఒండ్రు, ఇసుక. అక్కడ మట్టి పరీక్ష లేకుండా, లోతు పునాది లేకుండా ఒక్క అంతస్తు ఎక్కువ ఇచ్చినా ఆ ఊళ్లకు మీరు జవాబు చెప్పవలసి ఉంటుంది.

మేడలే వద్దని నా మాట కాదు. ఆమదాలవలసకు ఇళ్లు కావాలి, ఆసుపత్రులు కావాలి, మా పిల్లలు విశాఖకో హైదరాబాద్‌కో పోకుండా ఇక్కడే బతకగల పని కావాలి. ఎత్తు కట్టాలంటే స్టేషన్ వైపు మెరక నేల ఉంది. శ్రీకాకుళం రోడ్ పేరుతో కోల్‌కతా–చెన్నై ప్రధాన మార్గం మీద స్టేషన్ ఉన్న ఊరు మాది. అంతస్తులు అక్కడ లేపండి. ఏటి వైపు పోయేకొద్దీ ఎత్తు తగ్గుతూ రావాలి, గట్టుకు ఆనుకుని అసలు కట్టడమే ఉండకూడదు. ఏటి ఒడ్డున భూమి ఉన్న రైతు నష్టపోకూడదు. ఆయన వదులుకున్న అంతస్తుల హక్కును టీడీఆర్ రూపంలో స్టేషన్ వైపు వాడుకునేలా చేయవచ్చు. ప్యారిస్ అంతటి నగరం 2023లో కొత్త భవనాలకు 37 మీటర్ల ఎత్తు పరిమితిని మళ్లీ తెచ్చుకుంది. ఎత్తుకు హద్దు పెడితే ఊరు వెనకబడుతుందన్న మాటకు అదే జవాబు.

ఒడ్డు మీద నడిచే దారి అందరిదీ కావాలి. కార్తీక సోమవారాల్లో స్నానాలకు వచ్చే ఆడవాళ్లు, బట్టలుతికే చాకలివాళ్లు, వలలు వేసుకునే జాలర్లు, గొడ్లను నీళ్లకు తోలేవాళ్లు, వీళ్లంతా ఏటి దగ్గరికి ఏ గేటూ కాపలాదారూ అడ్డం లేకుండా చేరుతున్నారు. శ్రీకాకుళంలో ఉమారుద్ర కోటేశ్వరుడు, కళ్లేపల్లిలో మణినాగేశ్వరుడు, సంగాంలో సంగమేశ్వరుడు ఉన్నది ఈ ఒడ్డునే. బలరాముడు ప్రతిష్ఠించాడని జనం నమ్మే ఆ గుళ్లకు దారి ఏటి గట్టే. లేఅవుట్ మంజూరు చేసేటప్పుడు గట్టు దారిని ప్రైవేటు ప్రహరీ లోపలికి పోనివ్వకండి.

నేను కోరేవి మీ అధికార పరిధిలోనివే. జలవనరుల, రెవెన్యూ శాఖలతో కలిసి దూసి నుంచి కళ్లేపల్లి దాకా రెండు ఒడ్లా వరద హద్దు కొలిపించి రాళ్లు పాతించండి. ఆ పటాన్ని తెలుగులో అచ్చు వేయించి ఒడ్డున ఉన్న ప్రతి సచివాలయం గోడకూ అంటించండి. అంతవరకు గట్టుకు దగ్గరలో బహుళ అంతస్తుల దరఖాస్తులు ఆపండి. మాస్టర్ ప్లాను మీద అభ్యంతరాలు వినే సభను శ్రీకాకుళంలో ఒక్క చోటే కాకుండా ఆమదాలవలసలోనూ పెట్టండి. పంటపనులు లేని రోజు చూసి, రైతులూ కూలీలూ రాగలిగే వేళకు పెట్టండి. పటం తీసుకుని రండి, మేం వస్తాం.

ఇట్లు,
ఆమదాలవలస పట్టణ నివాసి