మందుచీటీ మీద ఒక్క మాట తెలుగులో

సావనీరుకి ఏదైనా రాసిమ్మని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు 'యువత - బాధ్యత' అనో, 'విజ్ఞానశాస్త్రం - మానవ ప్రగతి' అనో రాద్దామనే కూర్చున్నాను. ప్రతి ఏడూ ఎవరో ఒకరు అవి రాస్తూనే వున్నారు; నేనొక్కణ్ణి రాయకపోతే ప్రగతి ఆగిపోదు గదా అనిపించింది. అంచేత మా అమ్మ చేతివేళ్ళ గురించీ, ఆ వేళ్ళ కోసం ఆవిడ మింగే మాత్రల గురించీ రాస్తున్నాను. ఇదేదో సొంతగొడవ అని పేజీ తిప్పేయకండి. మీలో చాలామంది ఇళ్ళల్లో, వసారాలో ఓ మంచం మీద, ఈ గొడవే కూర్చుని వుంటుంది.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాలుగెకరాల వరి, రెండు గేదెలు. నేను ఇంటరు మొదటి సంవత్సరంలో వుండగా అమ్మకి తెల్లారేసరికి వేళ్ళు బిగుసుకుపోవడం మొదలైంది. పాలు పిండాలంటే పిడికిలి ముడవాలి. ముడుచుకునేది కాదు. వేణ్ణీళ్ళల్లో చేతులు పెట్టుకుని గంటసేపు కూర్చుంటే తప్ప ఆ వేళ్ళు సడలేవి కావు. పోనీ అని నాన్న కూర్చుంటే గేదె చేపేది కాదు, పైగా తన్నేది. ఈలోగా పాలకేంద్రం వేళ దాటిపోయేది.

ఊళ్ళో తలో మాటా అన్నారు. వాతం అన్నారు, బురదలో నాట్లేసిన చేతులు గదా అన్నారు, చికున్‌గున్యా తాలూకు నొప్పులన్నారు, దిష్టి అన్నారు. మన 'కీళ్ళవాతం' అనే మాటలో ఒక చిక్కుంది. ముసలితనంలో మోకాలిచిప్పలు అరిగే నొప్పినీ, ఈ జబ్బునీ ఒకే గాటన కట్టేస్తుంది. ఇది అరుగుదల కాదు. దీని పేరు రుమటాయిడ్ ఆర్థరైటిస్. బయటి క్రిములతో పోట్లాడవలసిన మన వంటి రక్షణవ్యవస్థే దారితప్పి కీళ్ళ లోపలి పొర మీద పడుతుంది. ఆ పొర వాచి, దళసరెక్కి, పక్కనున్న మృదులాస్థినీ ఎముకనీ తినేస్తుంది. ముందు చిన్న కీళ్ళకి, సాధారణంగా రెండు చేతులకీ వస్తుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి రెండుమూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. ముసలితనం దాకా ఆగదు, పని చేసే వయసులోనే పట్టుకుంటుంది.

మా ఊరి ఆర్.ఎం.పి. గారు సూది వేశారు. ఆయన్ని నేను తిట్టను. అర్ధరాత్రి పిలిస్తే టార్చిలైటు పట్టుకుని వచ్చేది ఆయనొక్కరే. సూది వేసిన మర్నాడు అమ్మ చీకటితో లేచి పాలు పిండి, కళ్ళాపి జల్లి, ముగ్గేసింది. "దేవుడ్రా ఆయన" అంది. పది రోజులు తిరిగేసరికి వేళ్ళు మళ్ళీ బిగిశాయి. మళ్ళీ సూది. ఇలా ఏడాదిన్నర. అమ్మ మొహం గుండ్రంగా నిండింది. పెళ్ళికొచ్చిన చుట్టాలు "వొళ్ళు చేశావే వదినా, కొడుకు చదువుకుంటున్నాడన్న సంతోషమా" అన్నారు. అది సంతోషం కాదు, స్టీరాయిడు. మొహం నిండడమొక్కటే అయితే ఫర్వాలేదు. ఆ మందు ఎక్కువకాలం పోతే ఎముకలు గుల్లబారతాయి, రక్తంలో చక్కెర పెరుగుతుంది, కంట్లో శుక్లాలొస్తాయి, రోగాల్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. హఠాత్తుగా మానినా ప్రమాదమే. మేమేమో నొప్పి లేదు గనక జబ్బు లేదనుకున్నాం. లోపల కీళ్ళు పాడవుతూనే వున్నాయి. కుడిచేతి వేళ్ళు రెండు పక్కకి వాలిపోయాయి. అవి ఇక సరి కావన్నారు.

చివరికి టౌనులో పెద్ద డాక్టరుకి చూపించాం. ఆయన మంచివారే. రక్తపరీక్షలు, ఎక్స్‌రే తీయించి, జబ్బు పేరు చెప్పి, చీటీ రాశారు. చీటీలో నాలుగు మందులు. అందులో ఒకటి మెథోట్రెక్సేటు, వారానికి ఒక్కసారి. ఇంకోటి ఫోలిక్ యాసిడ్. అంతా ఇంగ్లీషులో, గొలుసుకట్టులో. నోటితో కూడా "వీక్లీ వన్స్ అమ్మా" అని చెప్పారట. అమ్మ తలూపిందట. డాక్టరు గారి ముందు తలూపని అమ్మ ఎక్కడైనా వుంటుందా? మందుల షాపు కుర్రాడు కాగితం కవరు మీద అన్నిటికీ కలిపి 'ఉదయం 1' అని రాసిచ్చాడు.

సంక్రాంతి సెలవులకి నేను ఇంటికెళ్ళాను. పొద్దున్నే అమ్మ రెండు చిన్న పసుప్పచ్చ బిళ్ళలు వేసుకోవడం రోజూ చూశాను. ఓ రోజు అట్ట చేతిలోకి తీసుకుని పేరు కూడా చదివాను. కెమిస్ట్రీ చదివేవాణ్ణి! బెంజీను వలయం మీద ఏ గ్రూపు ఎక్కడ చేరుతుందో పరీక్షలో గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి! కన్నతల్లి ఏం మింగుతోందో, ఎన్నాళ్ళకోసారి మింగాలో అడగాలని నాకు తోచలేదు.

ఆరో రోజుకి నోరు పూసింది. కనుమ నాడు గారెముక్క నోట్లో పెట్టుకుని కళ్ళనీళ్ళు తిప్పుకుంది. వేడి చేసిందన్నారు అందరూ. నేనూ అదే అన్నాను. మజ్జిగ తాగించాం, సబ్జాగింజలు నానబెట్టి ఇచ్చాం. బిళ్ళ మాత్రం మాన్పించలేదు, డాక్టరు మందు గదా. తొమ్మిదో రోజుకి జ్వరం, చిగుళ్ళనుంచి రక్తం. కారు మాట్లాడుకుని ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడి డాక్టరమ్మ అట్ట చూసి "ఇది రోజూ వేశారా?" అనడిగింది. తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ పడిపోయాయి. ఎముకల మూలుగలో రక్తం తయారవడమే దెబ్బతిందన్నారు. ఫోలినిక్ యాసిడ్ ఇంజక్షన్లు చేశారు. పదకొండు రోజులు ఆసుపత్రిలో వున్నాం. అమ్మ బతికింది. ఒక గేదెని అమ్మేశాం.

తప్పెవరిది? డాక్టరు సరిగానే రాశారు. షాపువాడు రోజూ వంద కవర్లు రాస్తాడు. అమ్మ చెప్పినట్టే చేసింది. నేను చదువుకున్నవాణ్ణి. ఎవరి పని వాళ్ళు చేశారు, ఆవిడ చావు దాకా వెళ్ళొచ్చింది.

ఇంటికొచ్చాక అమ్మ ఆ మాత్రని విషం అంది. అది క్యాన్సరు మందని ఎవరో చెప్పారు. దానికంటే ఆర్.ఎం.పి. గారి సూదే నయం, వేసిన మర్నాటికి లేచి తిరిగాను అంది. జవాబు చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. అప్పుడు లైబ్రరీలో కూర్చున్నాను, సిలబస్‌లో లేనిదాని కోసం మొదటిసారిగా.

1948 సెప్టెంబరులో అమెరికాలో మేయో క్లినిక్ అనే ఆసుపత్రిలో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు, ఈ జబ్బుతో కదల్లేకుండా వున్న ఒక యువతికి కార్టిజోన్ ఇంజక్షన్లు మొదలుపెట్టాడు. కొద్ది రోజుల్లో ఆవిడ లేచి నడిచింది. ప్రపంచం నివ్వెరపోయింది. 1950లోనే హెంచ్‌కీ, మరిద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది. మా అమ్మకి ఆర్.ఎం.పి. గారు దేవుడైనట్టే! తర్వాత తర్వాత గాని దాని దుష్ఫలితాలు పూర్తిగా బయటపడలేదు. ఇప్పటికీ డాక్టర్లు దాన్ని వాడతారు, వాడాలి కూడా. అసలు మందు పనిచేసేలోగా, తక్కువ మోతాదులో, కొద్దికాలం. దాన్నే జీవితాంతం నమ్ముకోవడం తప్పు.

ఇక అమ్మ విషం అన్నదాని సంగతి. అది చదువుతూ నేను కుర్చీలోంచి లేచాను. ఆ మందుకి మూలం వెతుక్కుంటూ పోతే 1895లో మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి దగ్గరికి వచ్చాను. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన ఆధ్వర్యంలోని బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. తర్వాత దాన్ని పోలివుంటూ దానికే అడ్డుపడే పదార్థాలూ అక్కడే తయారయ్యాయి. వాటిలో అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు పిల్లలకిచ్చాడు. దాని తమ్ముడే మెథోట్రెక్సేటు. అంటే మా అమ్మ చీటీలోని మందూ, ఆ మందు దెబ్బ తగలకుండా ఇచ్చే ఫోలిక్ యాసిడూ ఒకే ఇంటి బిడ్డలు! సుబ్బారావు గారు 1948 ఆగస్టులో కన్నుమూశారు, హెంచ్ ఇంజక్షను చేయడానికి నెలన్నర ముందు. 1951లో గబ్నర్ అనే వైద్యుడు అమినోప్టెరిన్‌ని కీళ్ళజబ్బు మీద వాడి చూసి మేలు కనబడిందన్నాడు. కార్టిజోన్ సందడిలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అమెరికా ప్రభుత్వం మెథోట్రెక్సేటుని ఈ జబ్బుకి అనుమతించేసరికి 1988 అయింది. మర్నాటికి లేపి నిలబెట్టేదానికి రెండేళ్ళలో నోబెలు, మెల్లిగా జబ్బునే నిలవరించేదానికి నలభై ఏళ్ళ నిరీక్షణ. మా ఊళ్ళో అమ్మ చేసినదీ, ప్రపంచం చేసినదీ ఒకటే.

మెల్లిగా అన్నానుగా. ఆ మందు గుణం కనబడాలంటే ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఈ ముక్క ముందే చెప్పకపోతే రోగి నాలుగోవారంలో మానేసి సూదికి పోతాడు. క్యాన్సరుకిచ్చే మోతాదు వేరు, దీనికిచ్చేది దానిముందు ఎంతో తక్కువ. అయినా రక్తపరీక్ష, లివరు పరీక్ష క్రమం తప్పకుండా చేయించాలి. సారా అలవాటున్నవాళ్ళకి లివరు ప్రమాదం. కడుపుతో వున్నవాళ్ళు అసలు వాడకూడదు, పిల్లలు కావాలనుకుంటే ముందే డాక్టరుని అడిగి మానాలి. కొత్తగా పెళ్ళయిన పల్లెటూరి పిల్లకి ఈ సంగతి ఎవరు, ఏ భాషలో చెబుతున్నారు?

రక్తం కుదుటపడ్డాక, మూడు నెలలు ఆగి, తక్కువ మోతాదుతో మళ్ళీ మొదలుపెడదామన్నారు డాక్టరమ్మ. అమ్మ ససేమిరా అంది. నేను సుబ్బారావు గారి కథంతా చెప్పాను, మన భీమవరం ఆయన అని గట్టిగా చెప్పాను. అమ్మ అంతా విని, "అంత పెద్ద చదువు చదివినాయన, ఏ వారం వేసుకోవాలో దానిమీద రాయలేదేంరా?" అంది.

నాకు నోట మాట రాలేదు. నేను రాయదలచుకున్నదీ అదే.

మా పక్కూళ్ళో మంగళవారం సంత. అమ్మ ఏది మరచినా సంత మరవదు. మంగళవారం భోజనం చేశాక ఆ మాత్ర, మర్నాటి నుంచి డాక్టరమ్మ చెప్పిన రోజుల్లో ఫోలిక్ యాసిడ్. మెథోట్రెక్సేటు అనే పేరు అమ్మకి నోరు తిరగదు గనక 'సంత మాత్ర' అని పేరు పెట్టింది. అట్ట మీద నేనే పెన్నుతో 'మంగళవారం మాత్రమే' అని రాశాను. ఏడాది దాటింది. వాలిన వేళ్ళు వాలినట్టే వున్నాయి గాని కొత్తగా ఏ కీలూ వాచలేదు. మిగిలిన గేదెని అమ్మే పిండుతోంది.

ఇది నా ఒక్కడి తెలివి అనుకోకండి. ఈ మందుని రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు చదువుకున్న దేశాల్లోనూ వున్నారు. అందుకే యూరప్ మందుల సంస్థ 2019లో కొత్త జాగ్రత్తలు పెట్టింది. ఏ వారమో చీటీలో పూర్తిగా రాయాలని 2020లో బ్రిటన్ తన వైద్యులకి చెప్పింది. మన దేశంలో 2016లో వైద్యమండలి ఒక సవరణ తెచ్చింది: మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే క్యాపిటల్ అక్షరాల్లో రాయాలని. మంచిదే. కాని క్యాపిటల్ అక్షరాలు తెలుగులో లేవు గదా! అంటే ఆ చీటీ షాపువాడి కోసమే, మింగేవాళ్ళ కోసం కాదన్నమాట.

ఓ.పి.లో వందమంది నిలబడి వుంటే తెలుగులో వ్యాసాలు రాస్తూ కూర్చోమంటావా అని మెడికల్ కాలేజీ మిత్రుడొకడు నాతో వాదించాడు. వ్యాసం అక్కర్లేదయ్యా, ఒక్క మాట. వారం పేరు. మందు పేరు ఇంగ్లీషులోనే వుండనీ, నాకభ్యంతరం లేదు. చాలామందికి చదవడం రాదు గదా అన్నాడు. మా అమ్మ అయిదో తరగతి చదివింది, బస్సు బోర్డు చదువుతుంది, పేపరు చదువుతుంది. అది కూడా రానివాళ్ళని 'మీ ఊళ్ళో సంత ఎప్పుడు?' అని అడగొచ్చు. సంత తెలియనివాళ్ళు పల్లెటూళ్ళో వుండరు. వాడు నవ్వాడు గాని ఒప్పుకోలేదు.

ఇప్పుడింకా కొత్త మందులొచ్చాయి. 1990ల్లో లండన్‌లో మైనీ, ఫెల్డ్‌మాన్ అనే శాస్త్రజ్ఞుల కృషితో వచ్చిన ఇంజక్షన్లు, తర్వాత ఇంకో రకం మాత్రలు. లోపల అణగివున్న క్షయని లేపగలవు గనక ముందు ఆ పరీక్ష చెయ్యాలి. ఖరీదు నాలుగెకరాల రైతు అందుకునేది కాదు. వాటి గురించి రాయడానికి నేను తగను. నేను మాట్లాడేది చవకైన పాత మాత్ర గురించే.

పోయిన నెల అమ్మని నేనే చెకప్‌కి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ సెలవులో వుంటే కుర్ర డాక్టరు ఒకాయన చూశారు. చీటీ రాశాక, మొహమాటపడుతూనే, "వారం పేరు తెలుగులో రాయండి సార్" అన్నాను. ఆయన నా వంక చూసి, నవ్వి, పెన్ను మళ్ళీ తీశారు. ఇంగ్లీషు మీడియంలో చదివినట్టున్నారు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాశారు. 'మంగలవారం' అని వుంది. ళ రాలేదు.

అమ్మ చీటీ తీసుకుని పైకే చదివింది.