పసుపు నేర్పిన పాఠం

రసాయనశాస్త్రంలో డాక్టరేటు చేసే మన బిడ్డలకు మూలికలతో పనేమిటని కొందరు ప్రశ్నిస్తుంటారు. పని చాలా ఉన్నదని నా అభిప్రాయం.

పసుపు గాయాలను మాన్పుతుందని మెట్‌పల్లి రైతుల ఇళ్లలో పసిపిల్లలకు సైతం తెలుసు. అయినను ఆ గుణంపై 1995లో అమెరికాలో పేటెంటు మంజూరైంది. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పూర్వగ్రంథాలను, పరిశోధన పత్రాలను సాక్ష్యంగా చూపడంతో 1997లో అది రద్దయింది. వ్రాత ఉన్నది కనుక పసుపు మనకు దక్కింది.

ఆదిలాబాదు అడవులలో గోండు, కొలాము పెద్దల మూలికాజ్ఞానం ఎంతో భాగం నేటికీ నోటిమాటగానే ఉంది. కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాల పరిశోధక విద్యార్థులు ఒక్కొక్క మూలికను ఎన్నుకొని, అందలి పదార్థాలను వేరుచేసి, గుణదోషాలను నిగ్గు తేల్చాలి. గూడెం పెద్దల అనుమతి పొందిన పిమ్మటనే ప్రకటించాలి. ఆ మందు ఏ గూడెం చెప్పినదో సిద్ధాంతవ్యాసంలో విధిగా పేర్కొనాలి.