ఆ దారి ఎందుకు ఈజీ?

పుణె, ముంబై ట్రెక్కింగ్ గ్రూపుల పోస్టర్లలో నానేఘాట్ పేరు పక్కన ఒక మాట తప్పకుండా ఉంటుంది: ఈజీ. బిగినర్స్‌కి బెస్ట్, ఫ్రెండ్స్‌తో ఒక్కరోజు ట్రిప్పుకి పర్ఫెక్ట్. నిజమే. కల్యాణ్ నుంచి మాళ్‌శేజ్ వైపు వెళ్ళే రోడ్డు మీద వైశాఖరే దగ్గర దిగి అడవిదారి పడితే, రెండు మూడు గంటల్లో కనుమ ఎక్కేస్తాం. ఆ మాత్రం ఓపిక కూడా లేకపోతే జున్నర్ వైపు నుంచి కారు దాదాపు పైదాకా వస్తుంది. నా పేచీ ఈ సమాచారంతో కాదు, ఆ మాటలో ఉన్న చిన్నచూపుతో.

మన ట్రెక్కర్ల భాషలో ఈజీ అంటే లెక్కలోకి రానిదని అర్థం. శిఖరం ఎక్కితే జయించినట్టు, కనుమ ఎక్కితే వార్మప్ చేసినట్టు. మా గుంపులోనే ఒకడు పైకి రాగానే చెమట తుడుచుకుంటూ "ఇంతేనా మామా?" అన్నాడు. ఇంతే. కానీ ఆ "ఇంతే" ఎలా వచ్చింది?

కొంకణానికీ దక్కనుకీ మధ్య సహ్యాద్రి అడ్డుగోడలా నిలబడి ఉంటుంది. ఆ గోడలో దొరికిన సందు ఇది. సందు ఉన్నంత మాత్రాన దారి అయిపోదు. రాయి తొలిచి, మెట్లు కట్టి, బరువు మోసే పశువులు కూడా ఎక్కేలా చేస్తేనే దారి అవుతుంది. సోపారా, కల్యాణ్ రేవుల సరుకు జున్నర్ మీదుగా పైఠాన్ దాకా, అంటే శాతవాహనుల ప్రతిష్ఠానం దాకా, ఈ కనుమ గుండానే వెళ్ళేది. పైన ఒక పెద్ద రాతి తొట్టి ఉంది. సుంకం నాణేలు అందులో వేసేవారని అక్కడివాళ్ళు చెబుతారు. శిఖరానికి పనిలేకపోయినా వెళ్తారు. కనుమకి మాత్రం పనుండే వెళ్ళారు, రెండువేల ఏళ్ళుగా. మన కాళ్ళకి తగిలిన ఆ సులువు కొండ ఇచ్చింది కాదు, ఎవరో ఒళ్ళు హూనం చేసుకుని కట్టింది.

పైకి వెళ్ళాక మనం చేసేదేమిటి? వానాకాలమైతే జలపాతం గాలికి పైకి ఎగురుతుంది కాబట్టి రీల్ కోసం క్యూ కడతాం. పక్కనే ఉన్న గుహలోకి వాన తగ్గేదాకా తలదాచుకోవడానికి దూరి, వడాపావ్ తిని వచ్చేస్తాం. ఆ గుహ గోడల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో పెద్ద శాసనం ఉంది. వేయించింది ఒక రాణి. నాగనిక అని ఎక్కువమంది పండితుల మాట. అశ్వమేధంతో సహా చేసిన యజ్ఞాలు, దక్షిణగా ఇచ్చిన ఆవులు, గుర్రాలు, ఏనుగులు, కార్షాపణాలు, అన్నీ అంకెలతో సహా చెక్కించింది. మన దేశంలో మిగిలిన అతి పాత అంకెల్లో అవీ ఉన్నాయి. వెనక గోడకి రాజకుటుంబం విగ్రహాలు ఉండేవి. ఇప్పుడు పాదాల ఆనవాళ్ళు, పైన పేర్లు మిగిలాయి. మొదటి పేరు సిముక శాతవాహనుడిది.

ఈ పేరు వినగానే ఇంకో గుంపు లేస్తుంది: "మనవాళ్ళే కదా!" అటు నుంచి మరాఠీ మిత్రులు, "కాదు, మావాళ్ళు." మనం పురాణాల్లోని ఆంధ్రుల్ని, కోటిలింగాలలో దొరికిన సిముకుడి నాణేల్ని చూపిస్తాం. వాళ్ళు నానేఘాట్‌నీ నాసిక్‌నీ పైఠాన్‌నీ చూపిస్తారు. తమ శాసనాల్లో ఎక్కడా ఆంధ్రులమని చెప్పుకోని రాజుల కోసం ఇద్దరం గొంతు చించుకుంటాం. పైఠాన్, కోటిలింగాల రెండూ ఒకే గోదావరి ఒడ్డున ఉన్నాయన్న సంగతి ఈ కొట్లాటలో ఎవరికీ గుర్తుండదు. కనుమ ఉన్నదే ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు పోవడానికి. దాని దగ్గర నిలబడి "ఎవరిది?" అని అడగడం కంటే తెలివితక్కువ ప్రశ్న లేదు. నాకు రీల్ గుంపుకీ ఈ గుంపుకీ పెద్ద తేడా కనిపించదు. ఒకరికి ఆ చోటు బ్యాక్‌గ్రౌండ్, ఇంకొకరికి పట్టాదారు పాసుపుస్తకం. గోడ మీద ఏముందో చదివే పని ఇద్దరికీ లేదు.

"అయితే ట్రెక్‌కెళ్ళి హిస్టరీ క్లాసు వినాలా?" అంటారు. అక్కర్లేదు. నవ్వుకోండి, తడవండి, ఫొటోలు దిగండి. స్నేహితులతో వెళ్ళేదే అందుకు. బ్యూలర్ 1883లో ప్రచురించిన పాఠం బ్యాగులో మోసుకెళ్ళమని నేననడం లేదు. గుహలో ఒక్క పది నిమిషాలు గోడకేసి చూడమంటున్నాను. పేర్లు గోక్కండి, చెత్త వదలకండి అని చెప్పాల్సి రావడమే సిగ్గుచేటు.

చూస్తే ఇంకోటి కూడా తెలుస్తుంది. శాసనంలో చాలా భాగం చెదిరిపోయింది. మిగిలినదాంట్లో ఆవుల లెక్క ఉంది, ఏనుగుల లెక్క ఉంది. దారి తొలిచినవాళ్ళ లెక్క లేదు. రాణి వాళ్ళని రాయించలేదు. రెండువేల ఏళ్ళ తర్వాత, వాళ్ళు వేసిన మెట్ల మీదే ఎక్కి వచ్చి, "ఇంతేనా?" అని మనమూ వాళ్ళని కొట్టేస్తున్నాం.

కాబట్టి పోస్టర్లు వేసే మిత్రులారా, ఈజీ అనే రాసుకోండి. ఎందుకు ఈజీయో కూడా కింద ఒక్క లైను రాయండి.