నిచ్చెన మీది మనిషికి రేడియం జాకెట్

నిడదవోలు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే దారిలో ఈ మధ్య ఒక రాత్రి పెళ్లి ఊరేగింపు ఎదురొచ్చింది. ముందు డీజే బండి, వెనక జనరేటరు, మధ్యలో రెండు వరసలుగా లైట్లు మోసే కుర్రాళ్లు. వెలుగంతా పెళ్లికొడుకు మీదే. వరస చివర వైరు ఎత్తిపట్టుకుని నడుస్తున్న కుర్రాడికి నల్ల టీషర్టు, వీపు మీద షాపు పేరూ ఫోన్ నంబరూ. ఇసుక లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ అతని మోచేతిని రాసుకుపోయినంత దగ్గరగా వెళ్లింది. అతను తిరిగి చూడలేదు. ఆ మోతలో హారన్ వినపడితే గదా!

గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. డ్రైవరు మనిషిని చూసి, బ్రేకు మీద కాలు వేసేలోపే సెకనుకు పైగా గడిచిపోతుంది. చీకట్లో నల్ల టీషర్టు అంత దూరం నుంచి కనపడడమే కష్టం. తిరునాళ్లకు నిచ్చెనెక్కి ఆర్చీలు కట్టేవాళ్లు, షామియానా గుంజలు పాతేవాళ్లు, ఊరేగింపు వెళ్లాక రోడ్డు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులు... వీళ్ల పని సగం రాత్రిపూటే, అదీ రోడ్డు మీదే.

నిడదవోలులోనే భీమవరం లైను చీలే జంక్షన్ దగ్గర నిలబడి చూడండి. పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్ ఒంటి మీద నారింజ రంగు జాకెట్ ఉంటుంది. బ్రిటన్ రైల్వే 1964లో గ్లాస్గో దగ్గర కొత్తగా విద్యుదీకరించిన లైనులో ట్రాక్ కార్మికులకు ఇలాంటి నారింజ జాకెట్లు ఇచ్చి చూసింది. ఆ తర్వాత అవి రోడ్డు పనివాళ్లకూ, ట్రాఫిక్ పోలీసులకూ చేరాయి. మన టెంట్ హౌస్ కుర్రాడి దాకా మాత్రం రాలేదు. వచ్చిన చోట కూడా ఏదో ఒకటి కొని పంచేశారు తప్ప ఎంచి కొన్నది తక్కువ.

ఎంచడమంటే ముందు ఆ బట్ట చేసే పనేమిటో తెలియాలి. మనం రేడియం అంటాం గానీ అందులో రేడియం లేదు. ఆ జాకెట్‌లో రెండు వేర్వేరు పనిముట్లున్నాయి. మెరిసే రంగు బట్ట కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని తీసుకుని కనపడే రంగుగా మార్చి ఇస్తుంది. అందుకే పగలు, ముఖ్యంగా మబ్బు పట్టినప్పుడూ సందెవేళా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. పొద్దు గూకాక దానికి ఆ శక్తి ఉండదు. అప్పుడు పనిచేసేది బూడిదరంగు పట్టీ. అందులోని సన్నని గాజు పూసలు హెడ్‌లైటు వెలుగును వచ్చిన దారినే డ్రైవరు కళ్లకు తిప్పి పంపుతాయి. పట్టీ లేని పచ్చ టీషర్టు రాత్రి పనికి పనికిరాదు.

మన భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్‌కు ఈ దుస్తుల మీద ఐఎస్ 15809 అనే ప్రమాణం ఉంది. అంతర్జాతీయంగా ఐఎస్ఓ 20471. అందులో మూడు తరగతులు. రెండో తరగతికి కనీసం అర చదరపు మీటరు రంగు బట్ట, 0.13 చదరపు మీటర్ల పట్టీ ఉండాలి. పట్టీ వెడల్పు 50 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. రోడ్డు మీద పనిచేసేవాళ్లకు రెండో తరగతికి తగ్గించి కొనవద్దని నేను చెబుతాను. వీపు నిండా స్పాన్సరు బొమ్మ అచ్చు వేయించడమంటే ఆ అర చదరపు మీటరును కోసెయ్యడమే.

కొట్లో పరీక్ష తేలిక. జాకెట్‌ను కొక్కేనికి తగిలించి ముప్పై అడుగులు వెనక్కి రండి. ఫోన్ టార్చి వెలిగించి కణత దగ్గర, కంటికి ఆనించినట్టు పట్టుకోండి. అసలు పట్టీ అయితే తెల్లగా భగ్గున వెలుగుతుంది. నకిలీది బూడిదరంగుగానే ఉండిపోతుంది. టార్చి పొట్ట దగ్గర పట్టుకుంటే ఈ తేడా సరిగా తెలియదు, ఎందుకంటే వెలుగు బయల్దేరిన చోటికే తిరిగొస్తుంది. ఉతికిన కొద్దీ పట్టీ పస తగ్గుతుంది. ఎన్ని ఉతుకులకు ఆగుతుందో లేబుల్ మీద ఉండాలి.

రంగు సంగతి ఇంకా ఆలోచించాల్సింది. కాలువ గట్టున వరి చేల మధ్య రోడ్డులో నిమ్మపచ్చ జాకెట్ పచ్చదనంలో కలిసిపోతుంది. అక్కడ నారింజ కావాలి. భక్తులు కాషాయం, ఎరుపు కట్టుకొచ్చే ఉత్సవంలో నారింజ మునిగిపోతుంది. అక్కడ నిమ్మపచ్చే నయం. పసుపు కండువాల సభకు మళ్లీ నారింజ. జనం ఏం కట్టుకొస్తారో చూసి రంగు ఎంచాలి తప్ప అధికారికి నచ్చిందనో, గోదాములో మిగిలిందనో కాదు.

మనిషి సౌఖ్యం చూడకపోతే మిగతాదంతా వృథా. గోదావరి ఉక్కపోతలో మందపాటి పాలిస్టర్ వేసుకోమంటే పది నిమిషాల్లో విప్పి నిచ్చెనకు తగిలిస్తాడు. గాలాడే వల బట్ట కావాలి. లాగితే ఊడొచ్చే వెల్‌క్రో ఉండాలి, ఎక్కడైనా చిక్కుకుంటే జాకెట్ పోతుంది గానీ మనిషి పోడు. ఊడ్చే ఆడవాళ్లకు చీర మీద జాకెట్ ఇస్తే, దాని మీదుగా కొంగు వచ్చి వెనక పట్టీని కప్పేస్తోంది. వాళ్లనే అడిగి, కొంగు లోపల దోపుకునేలా పక్క తాళ్లతో కుట్టించాలి. గాడిపొయ్యి దగ్గర వంటవాళ్లకు మాత్రం ఈ పాలిస్టర్ వద్దే వద్దు. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది.

ఇవన్నీ ఎవరు కొనాలి? 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతి సాధారణంగా పది మంది, ఆపైన పనివారున్న సంస్థలకే వర్తిస్తుంది. మన లైటింగ్ షాపుల్లో ఆరుగురో ఏడుగురో ఉంటారు. చట్టం కోసం చూస్తే ఆ కుర్రాడికి జాకెట్ రాదు. ఊరేగింపుకు పోలీసులిచ్చే అనుమతిలో, మున్సిపాలిటీ, దేవాదాయ శాఖ రాసుకునే కాంట్రాక్టు కాగితంలో ఒక్క వాక్యం చేరిస్తే వస్తుంది.

జాకెట్ మనిషి లారీలకే కాదు, జనానికీ కనపడాలి. 2015 జూలై 14న, గోదావరి పుష్కరాల మొదటి రోజునే, రాజమండ్రి పుష్కర ఘాట్ తొక్కిసలాటలో పాతిక మందికి పైగా చనిపోయారు. జాకెట్లుంటే అది ఆగేదని అనను. అంతమందిని ఒకే ఘాట్ దగ్గర పోగుపడనివ్వడం వేరే తప్పు. కానీ అలాంటి జనంలో దారి చూపే మనిషి ఎవరో దూరం నుంచే తెలియాలి. వీపు మీద తెలుగులో పెద్దక్షరాలతో ‘సహాయం’ అని ఉండాలి. వైద్య సిబ్బందికీ, ఊడ్చేవాళ్లకూ, వలంటీర్లకూ ఒకటే రంగు ఇస్తే అడగాల్సినవాడు ఎవరిని అడగాలి?

గోదావరికి మళ్లీ పుష్కరాలు 2027లో. కొవ్వూరుకూ రాజమండ్రికీ వెళ్లే రద్దీలో కొంత నిడదవోలు స్టేషను మీదుగానే పోతుంది. ఆ పన్నెండు రోజుల టెండర్లలో ‘జాకెట్లు, ఇన్ని’ అని రాసి ఊరుకోకుండా ఐఎస్ 15809, రెండో తరగతి, ఏ పనికి ఏ రంగు అని రాయమని అధికారులను కోరుతున్నాను. ఈలోగా ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవారు లైటింగ్ వాళ్లకు బయానా ఇచ్చేటప్పుడే ఒక మాట అడగండి: మీ కుర్రాళ్లకు రేడియం జాకెట్లున్నాయా?