ఫీజు కట్టే ముందు ఆసుపత్రి చూడండి

నర్సింగ్‌లో చేరాలనుకుంటున్న ఇంటర్ విద్యార్థులకు, తల్లిదండ్రులకు విజ్ఞప్తి!

ఇంటర్ ఫలితాలు రాగానే ఏజెంట్ల ఫోన్లు మొదలవుతాయి. "సీటు మేం చూసుకుంటాం. క్లాసులకు రాకపోయినా ఫర్వాలేదు, పరీక్షలకు వస్తే చాలు" అంటారు. ఆ మాట అన్నవాళ్లను నమ్మకండి. బొమ్మ చేతికి కాన్యులా వేయడం వేరు, విరేచనాలతో నీరసించి నరం దొరకని ముసలమ్మ చేతికి వేయడం వేరు. నిండిన వార్డులో ముందు ఏ మంచం దగ్గరికి పరిగెత్తాలో సీనియర్ సిస్టర్ పక్కనుండి నేర్పాల్సిందే. ఆ శిక్షణ లేకుండా పట్టా పుచ్చుకుంటే మొదట నష్టపోయేది రోగి, తర్వాత మీరు.

ఏ కోర్సు?

బైపీసీ చదివి, నాలుగేళ్లు చదివించే స్తోమత ఉంటే బీఎస్సీ నర్సింగ్ మేలు. జీఎన్‌ఎం డిప్లొమా మూడేళ్లు, ఇతర గ్రూపులవాళ్లూ చేరవచ్చు. తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీతో డిగ్రీ అందుకోవచ్చు. అయితే ఒక తేడా ముందే తెలుసుకోండి: ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష నార్‌సెట్‌కు బీఎస్సీ వాళ్లు నేరుగా అర్హులు. జీఎన్‌ఎం వాళ్లకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. ఏఎన్‌ఎం రెండేళ్లు; అది ప్రధానంగా ఊళ్లలో తల్లీబిడ్డల ఆరోగ్య సేవలకు ఉద్దేశించింది. ఆరు నెలల 'నర్సింగ్' కోర్సులతో మాత్రం నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రాదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు నర్సులు కాలేరు.

చేరే ముందు ఏం చేయాలి?

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ జాబితాల్లో కాలేజీ పేరు, ఈ ఏడాది అనుమతి ఉన్నాయో లేదో చూడండి. శిక్షణ ఇచ్చే ఆసుపత్రి పేరు అడిగి, ఒక పూట స్వయంగా వెళ్లండి. పడకలు ఎన్నో లెక్కపెట్టడంతో ఆగకండి. వాటి మీద రోగులున్నారో లేదో చూడండి. ప్రసవాలు జరుగుతున్నాయా, ఐసీయూ నడుస్తోందా, యూనిఫాంలో విద్యార్థులు డ్యూటీలో కనిపిస్తున్నారా? అక్కడి సీనియర్ విద్యార్థినులతో విడిగా మాట్లాడండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలనకు చూపించండి, వాళ్ల దగ్గర వదిలేసి రాకండి.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ మేం కోరేది:

1. ప్రతి నర్సింగ్ కాలేజీ గేటు దగ్గర అనుమతి పొందిన సీట్లు, మొత్తం ఫీజు, శిక్షణ ఆసుపత్రి పేరు, పడకల సంఖ్యతో తెలుగులో బోర్డు పెట్టించాలి.

2. ముందస్తు సమాచారం లేకుండా వార్డుల్లో తనిఖీ చేసి, విద్యార్థుల హాజరును అక్కడే సరిచూడాలి.

3. సర్టిఫికెట్లు బిగబట్టి అదనపు డబ్బు గుంజే యాజమాన్యాలపై కేసులు పెట్టాలి.

4. అడ్మిషన్లకు ముందే ప్రతి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో, ఆసుపత్రుల్లో పనిచేస్తున్న నర్సులతో అవగాహన సదస్సు జరపాలి.

తల్లిదండ్రులారా! బోర్డు లేని కాలేజీని నిలదీయండి. జవాబు రాకపోతే కలెక్టర్ గారి ప్రజావాణిలోనో, గ్రీవెన్స్‌లోనో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఈ కరపత్రం చదివి, ఇంటర్ చదివే పిల్లలున్న మరో ఇంటికి అందించండి.