గంగిరెద్దు గుమాస్తా

పూర్వం ఒక గుమాస్తాను సిఫారసు చేసేవాళ్లు, "నిప్పులాంటి మనిషండీ! లెక్క తప్పితే యజమానినైనా నిలదీస్తాడు" అని చెప్పేవారు. ఇప్పుడు కృత్రిమ మేధ ఏజెంట్లను అమ్మేవాళ్ల మాట వినండి: "మీ పనితీరు ఇట్టే పట్టేస్తుంది, మీకు తగ్గట్టు మారిపోతుంది, మీరు నోరు విప్పకముందే మనసులో మాట చేసి పెడుతుంది." వినసొంపుగానే ఉంది. కాకపోతే, నా మటుకు నాకు ఇవి గుమాస్తా గుణాల్లా లేవు. గంగిరెద్దు గుణాల్లా ఉన్నాయి.

ఏజెంటంటే అడిగినదానికి జవాబిచ్చి ఊరుకునేది కాదు. మన తరఫున ఉత్తరాలు చదివి, జవాబులు రాసి, కాగితాలు విడదీసి, పని ముగించే ప్రోగ్రాము. దానికి మన తీరు నేర్పడంలో పెద్ద మాయేమీ లేదు. "ఈయనకు పొడుగు ఉత్తరాలు గిట్టవు" లాంటి సంగతులతో ఓ చీటీ తయారవుతుంది. పనిలో దిగే ముందు అది ఆ చీటీ చూసుకుంటుంది. చాట్‌జీపీటీలో మన సూచనలు రాసి పెట్టుకునే వీలు 2023లో వచ్చింది. పాత సంభాషణల్లోని సంగతులు అదే గుర్తుపెట్టుకోవడం 2024లో మొదలైంది. మొదటిది మనం రాసే చీటీ. రెండోది మనల్ని చూసి అది రాసుకునే చీటీ. నా తగువంతా ఈ రెండోదానితోనే.

కొన్ని సర్దుబాట్లు కావలసినవే. "మిలియన్లొద్దు, లక్షలూ కోట్లలో చెప్పు", "తేదీలో రోజు ముందు, నెల తర్వాత", చూపు లేనివారికైతే "చదివి వినిపించు" - వీటిని ఎవరు కాదంటారు? చెప్పు కాలి కొలతకు తగ్గట్టే కుట్టాలి. తూకంరాయిని మాత్రం దుకాణదారు చేతివాటానికి తగ్గట్టు అరగదీయకూడదు.

అసలు పనితీరంటే ఏమిటండీ? సగం అనుభవం, సగం బద్ధకం. ఏ సగం ఏదో చీటీ రాసుకునే యంత్రానికేం తెలుసు?

మాట వరసకు ఒక ఆఫీసు అనుకోండి. వృద్ధాప్య పింఛను దరఖాస్తులు చూసే అధికారి ఒకాయన. ఆధార్ కార్డులో సుబ్బమ్మ, రేషను కార్డులో సుబ్బాయమ్మ అని ఉంటే చాలు, విచారణ లేకుండా తిప్పి పంపడం ఆయన అలవాటు. ఏజెంటు పది రోజులు గమనించి అదే రూలనుకుంది. ఆయన రోజుకు ఇరవై తిప్పి పంపితే, ఇది పూటకు రెండు వేలు తిప్పి పంపుతుంది. ఆయనకైతే ఏ మధ్యాహ్నమో కిటికీ దగ్గర నిలబడ్డ ముసలమ్మ మొహం చూసి మనసు కరగవచ్చు. చీటీలో ఆ మొహం ఉండదే! అలవాటు అధికారిది, మెప్పు యంత్రానిది, పస్తు సుబ్బమ్మది.

అందుకే అంటాను, ఇది మనిషికీ యంత్రానికీ మధ్య ముచ్చట కాదని. మధ్యలో నలిగేది మూడో మనిషి.

తల ఊపుతుందన్నది నా ఊహ కాదు. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ సంస్థ చేసిన ఒక మార్పుతో చాట్‌జీపీటీ అడ్డమైనదానికల్లా 'ఆహా, ఓహో' అనడం మొదలెట్టింది. జనం విసుక్కుంటే కొద్దిరోజుల్లోనే ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. వాడేవాళ్లు నొక్కే మెచ్చుకోలు బొటనవేలి గుర్తును శిక్షణలో కలపడం కూడా ఇందుకు దోహదం చేసిందని సంస్థే చెప్పింది. మెప్పే జీతమైనప్పుడు నిజం ఎవరు చెబుతారు? దుర్యోధనుడి పనితీరుకు అచ్చంగా అమరినవాడు శకుని. విదురుడు అమరలేదు. తర్వాతి కథ మీకు తెలియనిదా?

"ప్రతిదానికీ అడ్డు తగిలితే పనులెప్పుడవుతాయండీ?" అంటారు. ప్రతిదానికీ అక్కర్లేదు. ఈ విషయంలో ప్రోగ్రాములు రాసేవాళ్లలో చాలామంది నయం. ఏజెంటు పాటించాల్సిన నియమాలను మామూలు అక్షరాల్లో ఓ ఫైల్లో రాసి పెడతారు. జట్టులో ఎవరైనా చదవచ్చు; "ఇదేం నియమమయ్యా" అని కొట్టేయించవచ్చు. నలుగురి దరఖాస్తులు, బిల్లులు, మార్కులు చూసే ఏజెంటు చీటీ కూడా అలాగే ఆ నలుగురూ చదివేట్టు ఉండాలి. అందులో మొదటి వాక్యం ఇదీ: "అయ్యగారి అలవాటుకూ రూలుకూ తేడా వస్తే, ఆగి అడుగు." దొంగచాటుగా పోగేసిన అలవాట్ల చిట్టాకు ఆఫీసులో చోటు లేదు.

సంక్రాంతినాడు వాకిట్లో గంగిరెద్దు తల ఊపితే ముచ్చటే. పాత పంచె ఒకటి కప్పి పంపిద్దాం. అంతేగాని, దాన్ని ఆఫీసులోకి తోలుకొచ్చి దరఖాస్తులు ముందు పెట్టకండి. ఎద్దు ముందు కాగితాలు పెడితే ఏం చేస్తుందో నేను వేరే చెప్పాలా?